చెవులు కప్పని ఇల్లు

ఆ చలికాలమంతా మా ఇంట్లో గొడవలు చెవుల మీదే జరిగాయి.

మా మామ నెస్తోరి చెట్లు కొట్టే ముఠాకి మేస్త్రీ. ముఠా అంటే పెద్దదేం కాదు. ఆయన, ఆయన కొడుకులిద్దరు, ఒక గుర్రం. పెద్దవాడు తౌనో నా మొగుడు. చిన్నవాడు ఓస్మోకి ఇంకా పెళ్ళి కాలేదు, నోటికి తాళం లేదు. నది గడ్డకట్టింది మొదలు వసంతంలో ఆ మంచు పగిలేదాకా ముగ్గురూ అవతలి ఒడ్డున అడవిలో చెట్లు కొట్టి, దుంగల్ని మంచుబండి మీద నది దాకా ఈడ్పించేవారు. మంచు కరిగాక ఆ దుంగలు నీళ్ళలో తేలుతూ కింద మిల్లుకి పోయేవి. ఉత్తరాన మా ఫిన్లాండ్ పల్లెల్లో అప్పట్లో అందరి బతుకూ అదే.

అడవిలో మామయ్యది ఒకటే చట్టం. టోపీకుండే చెవిరెక్కలు కిందికి దించకూడదు. ఎంత చలైనా సరే, వాటిని పైకి మడిచి నెత్తిమీద ముడేసుకోవాలి. ఆయన తమ్ముడు ఆపో ఒక జనవరిలో రెక్కలు దించి గడ్డం కింద కట్టుకుని పనిచేస్తూ, వెనక చెట్టు విరుగుతున్న చప్పుడు వినక దాని కింద నలిగి చనిపోయాడట. మంచులోంచి ఆపోని తవ్వి తీసింది, ఇంటికి మోసుకొచ్చింది మామయ్యే. “అడవిలో చెవి మూసుకున్నోడు తన శవపెట్టె మూత తనే తీసుకున్నట్టు” అనేవాడు. అందులో అబద్ధం లేదు. చెట్టు పడేముందు లోపలి నారలు తెగుతూ ఒక చప్పుడు చేస్తాయి. అది విన్నవాడు పక్కకి దూకుతాడు, విననివాడు దూకడు. అందుకని ఆయన మాటకి ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. ఎదురు చెప్పకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆయన చెయ్యి.

ఆ ఏడు క్రిస్మస్ రాకముందే చలి విరుచుకుపడింది. గోడల్లో దుంగలు తుపాకీ పేలినట్టు పగిలేవి. పశువుల కొట్టంలోంచి వంటింటికి తెచ్చేలోగా పాలమీద మంచుపొర కట్టేది. ఎగిరే కాకి ఎగిరినట్టే రాలిపడింది వదినా అని ఓస్మో చెప్పాడు. అతని మాటలో సగమే నమ్మాలి గాని, ఆ సగమైనా నిజమే అయుంటుంది.

ఒక సాయంత్రం ముగ్గురూ ఇంటికొచ్చారు. తౌనో గుమ్మంలో టోపీ తీస్తే చూశాను. రెండు చెవుల అంచులూ కొవ్వొత్తి మైనంలా తెల్లబడి ఉన్నాయి. వేలితో తాకాను. ఎండిన తోలు తాకినట్టుంది.

“తెలుస్తోందా?” అన్నాను.

“ఏంటి తెలిసేది?”

“నేను గిల్లుతున్నాను.”

“గిల్లుతున్నావా?” అని నవ్వాడు.

మా అత్త హెల్మి అప్పటికే వాకిట్లోకెళ్ళి దోసిలినిండా మంచు తెచ్చింది. మంచుకాటుకి మంచే మందని అక్కడి పాతవాళ్ళ నమ్మకం. నేను అడ్డం నిలబడ్డాను.

“వద్దత్తయ్యా. మా నాన్న కాలివేళ్ళు అట్లా రుద్దబట్టే పోయాయి. చర్మం కింద గాజుముక్కలు నలిపినట్టే అది.”

“నేను పుట్టినప్పట్నుంచీ రుద్దుతూనే ఉన్నారే.”

“చెవులు ఉన్నవాళ్ళెంతమంది మిగిలారో చూడండి.”

బల్ల దగ్గర కూర్చున్న మామయ్య ముఖం పైకెత్తాడు. “ఏంటక్కడ గొణుగుడు?” అన్నాడు. అత్తయ్య మంచుని బకెట్లో పడేసింది. నేను తౌనోని పొయ్యికి దూరంగా కూర్చోబెట్టి, నా రెండు అరచేతుల్నీ నా చంకల్లో వెచ్చబెట్టుకుని అతని చెవుల మీద కప్పి పట్టుకున్నాను. చాలాసేపటికి రక్తం తిరిగింది. అప్పుడు మొదలైంది నొప్పి. చెట్టు కొమ్మ ముఖాన కొట్టినా కిక్కురుమనని మనిషి, నా నడుం పట్టుకుని పళ్ళు కొరుక్కున్నాడు.

మర్నాటికి చెవులు వాచి, అంచుల వెంట నీటిబొబ్బలు లేచాయి. ఆ బొబ్బలతోనే మళ్ళీ అడవికెళ్ళాడు. టోపీ రెక్కలు నెత్తిమీదే ఉన్నాయి.

ఒకసారి గడ్డకట్టిన చెవి రెండోసారి తొందరగా గడ్డకడుతుంది, మూడోసారి నల్లబడి రాలుతుంది. పక్క ఊళ్ళో అట్లాంటి మొగాళ్ళని చూశాను, ఎలకలు కొరికిన రొట్టెముక్కల్లాంటి చెవులతో. చూస్తూ ఊరుకోలేక పాత ఉన్ని మేజోడొకటి విప్పి, ఆ నూలుతో ఒక పట్టీ అల్లాను. తలచుట్టూ బిగుతుగా పట్టి చెవుల్ని కప్పేది. చెవిరంధ్రం వచ్చేచోట మాత్రం కుట్లు వదులుగా వేశాను. గాలి ఆగాలి, చప్పుడు దూరాలి. టోపీ కింద పెట్టుకుంటే బయటికి కనబడదు.

తౌనోకి కట్టి, పశువుల కొట్టం అవతలి మూల నిలబెట్టి, నేను ఇవతలి మూలనుంచి గుసగుసగా ఒక మాటన్నాను. ఏమన్నానో ఇక్కడ చెప్పను. అతని ముఖం ఎర్రబడింది.

“వినబడింది” అన్నాడు.

“ఏం వినబడింది?”

“రాత్రికి చెప్తాలే.”

పట్టీ పెట్టుకున్నాక కొత్త బొబ్బలు రాలేదు. పాతవి మానడం మొదలెట్టాయి. ఓస్మో కూడా ఒకటి అల్లిపెట్టమన్నాడు. “నా అందమంతా చెవుల్లోనే ఉంది వదినా” అని.

శనివారం మొగాళ్ళు సౌనాలో ఆవిరిస్నానం చేసి ఎర్రగా వచ్చి బల్ల చుట్టూ కూర్చున్నారు. నేను బంగాళాదుంపలు, ఉప్పులో ఊరిన పందిమాంసం ముక్కల పులుసు తెచ్చి పెట్టాను. మామయ్య కూర్చోలేదు. పొయ్యి పైన తీగ మీద తడిబట్టలు ఆరేసి ఉన్నాయి. వాటి మధ్యనుంచి ఆ పట్టీని రెండు వేళ్ళతో తీశాడు.

“ఇదేంటి?”

“పిల్లికి చొక్కా నాన్నా” అన్నాడు ఓస్మో. “వదిన కుట్టింది.”

మామయ్యకి నవ్వు రాలేదు. పట్టీని సాగదీశాడు. మనిషి తలంత సాగింది.

“నాదే నాన్నా” అన్నాడు తౌనో. “దీంతో అన్నీ వినబడతాయి. పెట్టుకుని చూశాను.”

“వినబడతాయా? సరే, పెట్టుకో. గోడకేసి తిరుగు.”

తౌనో లేచి పట్టీ కట్టుకుని, ముఖం గోడకి పెట్టి నిలబడ్డాడు. మామయ్య గది ఈ చివరికొచ్చి, తలుపు దగ్గర నిలబడి, గొంతు తగ్గించి, “గుర్రం కుంటుతోంది” అన్నాడు.

“గుర్రం కుంటుతోంది” అన్నాడు తౌనో గోడతో. మామూలు గొంతుతోనే అన్నాడు. నాకు వినబడింది, అత్తయ్యకి వినబడింది.

మామయ్య కాసేపు ఆగాడు. తర్వాత మా అందరికేసి తిరిగి, “చూశారా” అన్నాడు. “ఉలుకూ పలుకూ లేదు. చచ్చిన చెవులు. రేపు వీడి మీద చెట్టు పడ్డా ఇంతే.”

“చెప్పాడు కదా నాన్నా” అన్నాడు ఓస్మో, నవ్వుతూ.

“ఏంటి?”

“చెప్పాడంటున్నాను. గుర్రం కుంటుతోందని.”

తౌనో ఇటు తిరిగాడు. అతనికీ నవ్వొచ్చింది. ఇద్దరు కొడుకులూ నవ్వడం మామయ్య చూశాడు. మూడంగల్లో గది దాటి, అరచెయ్యి దొప్పలా వంచి, తౌనో ఎడమచెవి మీద కొట్టాడు. కర్రమీద చెక్క కొట్టినట్టు చప్పుడైంది. తౌనో బల్లమీద పడ్డాడు. పులుసుగిన్నె దొర్లింది. మామయ్య అతని మెడ పట్టుకుని లేపి, పట్టీని ఒక్క లాగు లాగాడు. దాంతోపాటు మానుతున్న బొబ్బల చర్మం కూడా ఊడొచ్చింది. పొయ్యి తలుపు కాలితో తెరిచి పట్టీని లోపలికి విసిరాడు. ఉన్ని కాలిన కంపు ఇల్లంతా నిండింది.

“నా ఇంట్లో నన్ను చూసి నవ్వుతారా” అన్నాడు. తర్వాత కూర్చుని, తనకి మిగిలిన బంగాళాదుంపలు తిన్నాడు.

తౌనో చెవిలోంచి సన్నగా ఒక ఎర్రగీత మెడ మీదికి దిగింది. అది చెవి అంచునుంచి కాదు, లోపల్నుంచి.

వంటింటి వెనక నీళ్ళతొట్టి దగ్గర నేను గుడ్డ తడుపుతుంటే అత్తయ్య వచ్చి నిలబడింది.

“ఏ చెవి?” అంది.

“ఎడమ.”

“ఎడమే అవుతుంది. ఆయనది కుడిచేతివాటం.” నా చేతిలోంచి తడిగుడ్డ తీసేసుకుంది. “లోపలికి నీళ్ళు పోనివ్వకు. నూనె అసలే పొయ్యకు. మా అమ్మ నాకు నూనె పోసి చీము పట్టించింది. పొడి దూది పెట్టి, పైన ఉన్నిగుడ్డ కట్టు. చలిగాలి తగిలిందంటే మేకు దిగేసినట్టుంటుంది.”

అత్తయ్యకి ఎడమచెవి వినబడదని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరు మాట్లాడినా కుడిపక్క తిప్పి కూర్చునేది. చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయిందని నాకు పెళ్ళైన కొత్తలోనే చెప్పారు.

“జ్వరం కాదా అత్తయ్యా?” అన్నాను.

“జ్వరాలకి చేతులుంటాయా?” అంది. పొడిగుడ్డ మడతపెడుతూ లోపలికెళ్ళిపోయింది.

ఆ తర్వాత తౌనో ఎడమచెవిలో సముద్రం హోరు తప్ప ఏమీ మిగల్లేదు. నేను మళ్ళీ పట్టీ అల్లాను, ఈసారి మందంగా, దాచకుండా. మామయ్య చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. అదే ఆయన క్షమాపణ వదినా అన్నాడు ఓస్మో. నాకట్లా అనిపించలేదు.

జనవరి చివర్లో ఓస్మో ఒకరోజు కట్టెలు లోపల పెడుతూ, నవ్వకుండా నాతో మాట్లాడాడు. అతను నవ్వకుండా మాట్లాడ్డం నేనదే మొదటిసారి వినడం.

“ఇవాళ చెట్టు వాలుతోందని అరిచాను. అన్నయ్య కుడివైపుకి చూశాడు. చెట్టు ఎడమనుంచొస్తోంది. ఒక చెవితో వింటే చప్పుడు ఎటునుంచొచ్చిందో తెలీదట. కొమ్మ తగిలి భుజం చిరిగిందంతే. ఈసారికి అంతే.”

మర్నాడు తెల్లవారి నేను మగవాళ్ళ ప్యాంటు తొడుక్కుని, బెరడు ఒలిచే పొడుగుపిడి పార భుజాన వేసుకుని, మంచుబండి ఎక్కి కూర్చున్నాను.

“ఎక్కడికి?” అన్నాడు మామయ్య.

“అడవికి మామయ్యా. దుంగల బెరడు ఒలుస్తాను.”

“ఆడవాళ్ళు కాఫీ కాచుకోక...”

“అక్కడా కాస్తాను.”

“ఆ శాలువా చెవుల మీంచి తియ్యి.”

“చెట్టు కొట్టేది నేను కాదుగా.”

ఆయన గుర్రం పగ్గం లాగాడు. మొత్తానికి ఎవరూ నన్ను దింపలేదు.

అలా ఆ చలికాలం నేను తౌనో ఎడమపక్క నిలబడ్డాను. పడిన దుంగల మీద నిలబడి బెరడు ఒలుస్తూ, ప్రతి చప్పుడుకీ తలెత్తేదాన్ని. చలిలో శాలువా నా శ్వాసకే గడ్డకట్టి అట్టలా అయ్యేది. నా చెవులు మాత్రం వెచ్చగా ఉండేవి, అన్నీ వినబడేవి. రంపం బొంగురు, గుర్రం నమలడం, ఎక్కడో కొమ్మమీంచి మంచు జారడం. తౌనో రంపం లాగుతూ మధ్యమధ్య నాకేసి చూసేవాడు. నేను తలూపితే పని సాగించేవాడు.

అప్పుడే ఇంకొకటి గమనించాను. కాఫీ తయారైందని నేను వెనకనుంచి పిలిస్తే కొడుకులిద్దరూ వచ్చేవారు. మామయ్య మాత్రం కొడుకులు రంపం ఆపి కదలడం చూశాకే వచ్చేవాడు. పొగరనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, అన్నదమ్ములు కోసిన స్ప్రూస్ చెట్టొకటి నేలకు పడకుండా పక్కనున్న పెద్ద పైన్ చెట్టుకి చిక్కుకుని ఏటవాలుగా ఆగిపోయింది. చెట్లు కొట్టేవాళ్ళకి అంతకంటే భయం ఇంకోటి లేదు. ఏ క్షణాన ఎటు జారుతుందో తెలీదు. అట్లాంటి పని మామయ్య ఎప్పుడూ కొడుకులకి వదల్లేదు. ఆ మాట కూడా చెప్పాలి.

“దూరం జరగండి” అని ఇద్దర్నీ వెనక్కి పంపి, తనొక్కడే గొడ్డలి తీసుకుని కిందికెళ్ళాడు. చెవులు రెండూ ఎర్రగా, బోసిగా గాలికున్నాయి.

నేను గుర్రం దగ్గరున్నాను. మొదట గుర్రం చెవులు తిరిగాయి. తర్వాత నాకూ వినబడింది. అది చిక్కుకున్న చెట్టులోంచి కాదు. మామయ్య వెనకనున్న పైన్‌లోంచి. చలికి నిలువునా పగిలి ఉన్న ఆ చెట్టు పైభాగం ఇంత బరువు మోయలేక చీలుతోంది. బట్ట చించుతున్నట్టు మొదలై, ఎముకలు విరుగుతున్నట్టు పెరిగింది.

“మామయ్యా” అని అరిచాను.

ఆయన గొడ్డలి పైకి లేచింది, దిగింది.

“మామయ్యా, వెనక.”

మళ్ళీ లేచింది, దిగింది. అటునుంచి ఓస్మో కూడా అరుస్తున్నాడు. ఆ అరుపుకి గుర్రం బెదిరి వెనకడుగేసింది. మామయ్య మాత్రం, ఇంట్లో కట్టెలు కొట్టుకుంటున్నట్టు, నింపాదిగా నరుకుతున్నాడు.

నేను పరుగెత్తాను. మోకాళ్ళదాకా మంచు. చేతిలో పార ఉన్న సంగతి కూడా తెలీదు. వెనకనుంచి వెళ్ళి పారపిడితో ఆయన మోకాళ్ళ వెనక బలంకొద్దీ కొట్టి, మీదపడి పక్కకి తోశాను. ఇద్దరం మంచులో దొర్లాం. నేల ఎగిరిపడింది. కళ్ళముందు అంతా తెల్లగా అయిపోయి, ఊపిరి తీస్తే ముక్కులో మంచు దూరింది.

ఆ తెలుపు తేరుకునేసరికి ఆయన నిలబడి ఉన్నాడు. ఆయన అంతకుముందు నిలబడ్డచోట మనిషి నడుమంత లావు పైన్ మొండెం నేలలో దిగబడి ఉంది. ఆయన దాన్ని చూశాడు. నన్ను చూశాడు. నేను లేవబోతూ, “ఎన్నిసార్లు పిలిచాను, వినబళ్ళేదా మీకు?” అన్నాను.

నా పెదాలు కదలడం చూశాడు. ఆ మాట మాత్రం అర్థమైంది.

శాలువాతో కలిపి నా జుట్టు పట్టుకుని లేపి, ముఖం మీద కొట్టాడు. పడ్డాక బూటుతో పక్కటెముకల్లో తన్నాడు. రెండోసారి తన్నబోయేలోగా తౌనో వచ్చాడు.

నా మొగుడు అంతవరకు తండ్రి మీద చెయ్యెత్తడం నేను చూడలేదు. ఎవరూ చూసి ఉండరు. నా పార తీసి, పిడితో తండ్రి భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. మామయ్య ఒంటిచేత్తోనే తౌనో గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ కొమ్మల మీద పడ్డారు. మామయ్య అతని చెంప కొరికాడు. తౌనో తండ్రి ముఖాన్ని మంచులోకి నొక్కి పట్టి పిడికిలితో కొడుతూనే ఉన్నాడు. మంచు ఎర్రబడింది. ఎవరి రక్తమో తెలీలేదు. ఒక్క మాట లేదు ఇద్దరి మధ్యా, ఊపిరి తప్ప. మామయ్య బాగున్న చెయ్యి వెనక్కి చాపి గొడ్డలికోసం తడుముకోవడం చూశాను. ఆయన వేళ్ళు పిడిని తాకేసరికి ఓస్మో బూటు దానిమీద పడింది.

“చాలు” అన్నాడు ఓస్మో. అన్నని చంకల కింద పట్టి లాగి అవతల పడేశాడు.

అడవి నిశ్శబ్దమైంది. మామయ్య విరిగిన భుజం పట్టుకుని మాకు వీపు పెట్టి మంచులో కూర్చున్నాడు. తౌనో నా పక్కన మోకరిల్లి నా ముఖం తుడుస్తున్నాడు. ఓస్మో తండ్రి వెనకే, చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడి, మామూలు గొంతుతో అన్నాడు.

“నాన్నా, ఇల్లు తగలబడుతోంది.”

మామయ్య కదల్లేదు.

“నాన్నా, అమ్మ చచ్చిపోయింది.”

ఆయన మంచు ముద్దచేసి ముక్కు దగ్గర రక్తం తుడుచుకున్నాడు. మేం ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. తర్వాత ఓస్మో ముందుకెళ్ళి, ఆయనకి కనబడేలా చెయ్యి చాపి లేపాడు. బండిమీద కూర్చోబెట్టి, దుప్పటి కప్పాడు. గడ్డకట్టిన నది దాటి ఇంటికొచ్చాం.

పక్క ఊళ్ళో ఉండే నర్సు స్కీల మీద వచ్చింది. భుజం ఎముక సరిచేసి కట్టు కట్టింది. చెట్టు తగిలిందని చెప్పాం. ఆవిడ నా ముఖం చూసింది, తౌనో చెంప మీద పంటిగాట్లు చూసింది. చిన్న దీపం తీసి మామయ్య చెవుల్లోకి చూస్తానంది.

“నాకన్నీ వినబడతాయి” అన్నాడాయన.

“సరే, నా కుతూహలం కోసం” అంది గట్టిగా. రెండువైపులా చూసి, దీపం ఆర్పి మాకు చెప్పింది. చెవి దారిలో ఎముక పెరిగిపోయిందట. చలిగాలీ మంచునీళ్ళూ ఏళ్ళ తరబడి తగిలితే ఒళ్ళు తనే ఆ దారిని ఇరుకు చేసుకుంటుందట. “వసంతంలో దుంగలతో నీళ్ళలో దిగేవాళ్ళకి, చెవులు కప్పుకోనివాళ్ళకి వస్తుంటుంది. సందు గుండుసూదంత మిగిలింది. పట్నంలో కోసి తీస్తారు, వెళ్తే.”

“మనం మూసుకోకపోతే అదే మూసుకుంటుందన్నమాట” అన్నాడు ఓస్మో.

తౌనో చెవి చూసి, కర్ణభేరికి చిల్లు పడిందని, తడి తగలనివ్వకుండా వెచ్చగా ఉంచితే కొంతవరకు పూడుతుందని చెప్పింది. తర్వాత అత్తయ్యకేసి చూసింది. అత్తయ్య కొంతసేపు గుంజాటన పడి, తలగుడ్డ విప్పి ఎడమపక్క చూపించింది.

“ఇది చాలా పాతదే. ఎట్లా అయింది?”

“ఈయన కొట్టాడు” అంది అత్తయ్య. ఉప్పెక్కడుందని అడిగితే చెప్పినంత మామూలుగా.

నర్సు వెళ్ళాక బల్ల దగ్గర కూర్చుని తౌనో నిదానంగా అన్నాడు. “అయితే అమ్మా, ఇన్నాళ్ళూ మనం మాట్లాడేది వినబడకే నాన్న... మనం తన గురించే ఏదో అంటున్నామనుకుని...”

నాకూ అదే అనిపిస్తోంది అప్పటికి. ఆ శనివారం గోడ దగ్గర తౌనో జవాబు చెప్పాడని ఆయనకి నిజంగానే తెలీదు. ఏంటక్కడ గొణుగుడు అని ఆయన అడిగిన సాయంత్రాలన్నీ గుర్తొచ్చాయి. జాలిలాంటిది గొంతులోకి వస్తోంది.

“నన్ను కొట్టిననాటికి ఆయనవి పాముచెవులు” అంది అత్తయ్య. “ఎలక నడిచినా వినేవాడు. నేను ఏడ్చింది కూడా విన్నాడు.”

తౌనో తలదించుకున్నాడు. నా గొంతులోకి వచ్చింది వెనక్కి పోయింది.

వాకిటికి అవతల, ముసలివాళ్ళ కోసం ఎప్పుడో కట్టిన చిన్న ఇల్లొకటి ఖాళీగా ఉండేది. మార్చిలో నేనూ తౌనో పొయ్యి బాగుచేసుకుని అందులోకి మారాం. మంచం మోస్తుంటే అత్తయ్య తన దుప్పట్లు, కాఫీకుండ చంకన పెట్టుకుని మా వెనకే వచ్చింది. రమ్మని మేం అడగలేదు, వస్తానని ఆవిడా అనలేదు. మామయ్య పెద్దింటి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఓస్మో తండ్రితోనే ఉండిపోయాడు.

“నువ్వూ రాకూడదూ” అన్నాను.

“ఎవరో ఒకరు ఆయనకి చెవి కావాలిగా వదినా. ఎట్లాగూ నాకు అరవడం ఇష్టం.”

తౌనో ఇంకో ముఠాలో పనికి కుదిరాడు. అక్కడ మేస్త్రీ జతగాణ్ణి ఎప్పుడూ అతనికి వినబడే కుడిపక్కనే పెట్టేవాడు, చెవిపట్టీ చూసి ఏమీ అనేవాడు కాదు. నా పక్కటెముక మానడానికి వసంతం దాకా పట్టింది.

మే నెలలో ఒక ఉదయం నది కనబడనంత దట్టంగా పొగమంచు పట్టింది. నదిలో గడ్డ ఎప్పుడు కదులుతుందా అని ఊరంతా ఎదురుచూస్తున్న రోజులవి. చిన్నా పెద్దా ఒడ్డుకి చేరారు. చూడ్డానికేమీ లేదు, వినడానికే. మొదట పైన వంపు దగ్గర, ఎక్కడో దూరంగా ఒక పగులు. తర్వాత ఇంకొకటి. తర్వాత బరువైనదేదో మెల్లగా ఒళ్ళు విరుచుకుంటున్నట్టు ఒక ములుగు, ఆగకుండా.

“కదిలింది” అన్నారెవరో. జనం టోపీలు తీశారు. తౌనో కుడిచెవి నదికేసి తిప్పి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

మామయ్య కట్టెలగుట్ట పక్కన ఒక్కడే ఉన్నాడు. భుజం ఒకవైపుకి జారిపోయి ఉంది. తీసిన టోపీల్ని చూశాడు. పొగమంచుకేసి చూశాడు. తర్వాత అత్తయ్య దగ్గరికి నడిచాడు. ఇల్లు మారాక ఆవిడతో ఆయన మాట్లాడ్డం అదే మొదలు.

“కదిలిందా?” అన్నాడు.

అత్తయ్య ఆయనకేసి తిరిగింది. “కదిలింది” అంది. గట్టిగా కాదు, మామూలుగా. పొగమంచులో ఆవిడ పెదాలు ఆయనకి సరిగ్గా కనబడలేదనుకుంటాను. ముఖం ముందుకు వంచి ఎదురుచూశాడు. ఆవిడ రెండోసారి చెప్పలేదు.

నేను ఆయన ఎదుటికెళ్ళి, నోరు పెద్దగా తెరిచి చెప్పాను. “కదిలింది మామయ్యా. ఇప్పుడే.”

ఆయన తలూపాడు.

“తెలుసు” అన్నాడు. “నాకు పొద్దున్నే వినబడింది.”

అటు పక్కనున్న ఓస్మో నాకేసి చూసి, చూపు తిప్పుకున్నాడు. మంచుపలకలు ఒకదానిమీదొకటి ఎక్కుతూ ఒడ్డుని గుద్దడం మొదలెట్టాయి. కాఫీ పెట్టాలని అత్తయ్య మా ఇంటివైపు నడిచింది. నేనూ ఆవిడ కుడిపక్కన నడిచాను.